నెలవంక కనిపించిందా? కంప్యూటర్లు నాణెం ఎగరేసి ఒక మాట మీదికి వచ్చిన కథ

ఈసారి ఎపిసోడ్‌ని పాతబస్తీ నుంచే మొదలుపెడుతున్నా. ఇవాళ చెప్పబోయే చిక్కుముడిని నేను మొట్టమొదట చూసింది ఇక్కడే. అప్పటికి నాకు కంప్యూటర్ అంటే ఏంటో కూడా తెలీదు.

మాది గౌలిపురా. రంజాన్ నెల 29వ రోజు సాయంత్రం ఇక్కడ డాబాల మీద నిలబడ్డ జనాన్ని చూడాలి. అందరి తలలూ పడమటి వైపే. నెలవంక కనిపిస్తే రేపే పండగ, కనిపించకపోతే ఎల్లుండి. చిన్నప్పుడు నాకు అందులో ఒకటే స్వార్థం: బడికి సెలవు రేపా, ఎల్లుండా? పక్కింటి చాచాకి వేరే టెన్షన్. షీర్ ఖుర్మాకి పాలు ఈ రాత్రికే చెప్పాలా, రేపు చెప్పాలా? లాడ్ బజార్‌లో గాజుల దుకాణాలవాళ్లకి ఇంకో టెన్షన్, ఇదే ఆఖరి రాత్రా లేక ఇంకో రాత్రి బేరం ఉందా అని.

ఇప్పుడు దీన్ని ఇంజనీర్ కళ్లతో చూడండి. వేల మంది చూస్తున్నారు. ఒకరి డాబా మీద మబ్బు, ఇంకొకరికి అడ్డంగా బిల్డింగ్. ఒకడు చూశానంటాడు, వాడు చూసింది విమానం లైటేమో తెలీదు. ఫలానా ఊర్లో కనిపించిందట అని ఫోన్లు వస్తుంటాయి. ఇన్ని ముక్కల సమాచారంలోంచి రుయత్-ఎ-హిలాల్ కమిటీ కూర్చుని, సాక్ష్యాలు విని, ఒక్క మాట చెప్పాలి. ఊరంతా ఆ ఒక్క మాట మీదే నడవాలి.

హనఫీ సంప్రదాయంలో దీనికి చాలా ఆలోచించి పెట్టిన లెక్కలున్నాయి. ఆకాశం మబ్బుగా ఉంటే రంజాన్ మొదలుపెట్టడానికి నమ్మకమైన సాక్షి ఒక్కరు చాలు, ముగించి పండగ చేసుకోవడానికి కనీసం ఇద్దరు కావాలి. అదే ఆకాశం నిర్మలంగా ఉంటే పెద్ద గుంపే చూసి ఉండాలి. ఎందుకంటే ఆకాశం అంత బాగున్నప్పుడు ఒక్కడికే కనిపించిందంటే అనుమానించాల్సిందే కదా! సాక్ష్యం బరువుని పరిస్థితిని బట్టి మార్చడం అంటే ఇదే. మా ప్రాబబిలిటీ క్లాసులో ఈ ఉదాహరణ చెప్పి ఉంటే నేను ఆ సబ్జెక్టులో కాస్త మెరుగైన మార్కులతో పాసయ్యేవాణ్ని.

వీటన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇంకోటుంది. ఎవరికీ ఏమీ కనిపించకపోతే? 30 రోజులు పూర్తి చేసి పండగ చేసుకోవడమే. నెల 31 రోజులు ఉండదు. అంటే సమాచారం రాకపోయినా నిర్ణయం ఆగదు. ఈ 30 రోజుల నియమం ఎంత పెద్ద వరమో నాకు బీటెక్ అయిపోయి, ఉద్యోగంలో చేరి, సర్వర్లు పడిపోయిన ఒక రాత్రి దాకా అర్థం కాలేదు. ఆ రాత్రి సంగతి చివర్లో చెప్తా.

ముందు అసలు సమస్య. మీరు చార్మినార్ దగ్గర చాయ్ తాగి స్కాన్ చేసి డబ్బు పంపారు. మీ ఖాతాలో కట్ అయింది, అవతల పడలేదు. ఇలాంటిది జరగకూడదనే ఆ లెక్కని ఒక్క యంత్రంలో కాకుండా మూడో, ఐదో యంత్రాల్లో రాసిపెడతారు, ఒకటి పోయినా మిగతావి ఉంటాయని. కానీ ఆ ఐదూ ఒకే మాట చెప్పాలి. మూడింట్లో కట్ అయిందని, రెండింట్లో కాలేదని ఉంటే మీ డబ్బు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. యంత్రాలన్నీ ఒక మాట మీదికి రావడాన్ని మా భాషలో కన్సెన్సస్ అంటాం. మామూలు తెలుగులో ఏకాభిప్రాయం. పంచాయితీ తెగడం అన్నా తప్పులేదు.

ఇది కష్టం అని కాగితం మీద మొదటిసారి గట్టిగా చెప్పింది 1975లో. ఆపరేటింగ్ సిస్టమ్స్ సదస్సులో అక్కోయున్లు, హ్యూబర్, ఇంకొకరు కలిసి ఒక పేపర్ ఇచ్చారు. ఆ మూడో పేరు చదవగానే నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నా: కె. ఏకనాథం. మన చెవికి ఎంత సొంతంగా వినిపించే పేరో చూడండి. అందులో వాళ్లు దొంగల ముఠాల కథ ఒకటి చెప్పారు. రెండు ముఠాలు ఒకేసారి దాడి చేస్తేనే పని అవుతుంది, మధ్యలో కబురు మోసేవాడు దారిలో పట్టుబడొచ్చు. "రాత్రి పదింటికి" అని నేను కబురు పంపా. అది చేరిందో లేదో నాకు తెలీదు, కాబట్టి "అందింది" అని జవాబు రావాలి. ఆ జవాబు చేరిందో లేదో అవతలవాడికి తెలీదు, కాబట్టి దానికి ఇంకో జవాబు కావాలి. ఇది ఎప్పటికీ తెగదు. 1978లో జిమ్ గ్రే ఇదే కథలో దొంగల్ని తీసి సైన్యాధిపతుల్ని పెట్టాడు. మనం కాలేజీలో చదువుకున్న 'ఇద్దరు జనరల్స్' కథ అదే. దొంగలతోనే ఉంచి ఉంటే క్లాసులో ఇంకాస్త శ్రద్ధగా వినేవాళ్లం.

ఆ తర్వాతి మెట్టు అబద్ధాలాడే యంత్రాలు. 1970ల చివర్లో అమెరికాలో ఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలో నాసా కోసం విమానాన్ని నడిపే కంప్యూటర్ మీద పనిచేస్తున్నారు. ఒక కంప్యూటర్ చెడిపోయినా విమానం కూలకూడదు. చెడిపోవడం అంటే ఆగిపోవడమే కాదు, ఒకడికి ఒక మాట, ఇంకొకడికి ఇంకో మాట చెప్పడం కూడా. పీజ్, షోస్టాక్, లాంపోర్ట్ ముగ్గురూ కలిసి 1980లో లెక్క తేల్చారు. 1982లో దాన్నే 'బైజాంటైన్ జనరల్స్' అని కథగా రాశారు. మొదట లాంపోర్ట్ వాళ్లని అల్బేనియా జనరల్స్ అందామనుకున్నాడట. ప్రపంచంలో అల్బేనియా వాళ్లు ఉన్నారయ్యా, నొచ్చుకుంటారు అని తోటివాడొకడు చెప్తే, నొచ్చుకోవడానికి ఎవరూ మిగలని బైజాంటియం పేరు పెట్టాడు.

వాళ్లు తేల్చిన లెక్క అర్థం కావాలంటే చార్మినార్‌కి రండి. కట్టింది 1591లో, కానీ నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. ఆ నాలుగూ దేనికది విడిగా నడిచే గడియారాలని, ఒకదానికొకటి టైమ్ చెప్పుకుని సరిచేసుకుంటాయని ఊహించుకోండి. వాటిలో ఒకటి మహా మోసకారి. పత్తర్‌గట్టి వైపు గడియారానికి పదంటుంది, శాలిబండ వైపు దానికి పదకొండు అంటుంది. నాలుగు ఉన్నాయి కాబట్టి మిగిలిన మూడూ తమలో తాము సరిచూసుకుని ఒక మాట మీదికి రాగలవు. అదే మూడే ఉండి అందులో ఒకటి మోసకారి అయితే? నాకు ఒకటి పది అని చెప్పింది. రెండోది వచ్చి "అది నాతో పదకొండు అంది" అని చెప్పింది. అబద్ధం మొదటిదా, రెండోదా? నా దగ్గర తేల్చుకునే దారే లేదు. ఒక్క మోసగాణ్ని తట్టుకోవాలంటే కనీసం నలుగురు కావాలి, ఇద్దరినైతే ఏడుగురు. మోసగాళ్లు మొత్తంలో మూడో వంతుకి లోపే ఉండాలన్నమాట. చార్మినార్‌కి సరిగ్గా నాలుగు గడియారాలు ఉండటం యాదృచ్ఛికమే, కానీ నాకు ఆ ముచ్చట వదలబుద్ధి కాలేదు.

ఇక్కడిదాకా కథలో ఒక సదుపాయం ఉంది. మెసేజ్ ఎంతసేపట్లో చేరాలో ఒక హద్దు ఉందని అనుకున్నారు. ఆ టైమ్ దాటితే పంపలేదనే లెక్క. అంటే 30 రోజుల నియమం లాంటిదే. మరి ఆ హద్దు లేకపోతే?

1983లో మైకేల్ ఫిషర్, నాన్సీ లించ్, మైకేల్ పాటర్సన్ దీనికి జవాబు చెప్పారు. జర్నల్లో అచ్చయింది 1985లో. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో ఎఫ్ఎల్‌పీ అంటారు. మెసేజ్‌కి ఎంతసేపు పడుతుందో హద్దు లేని నెట్‌వర్క్‌లో ఒకే ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశం ఉన్నా చాలు, అబద్ధాలు కూడా అక్కర్లేదు, ముందుగా రాసిపెట్టిన నియమాల ప్రకారం నడిచే ఏ పద్ధతీ 'ఎప్పటికైనా తప్పకుండా తేలుతుంది' అని హామీ ఇవ్వలేదు.

ఎందుకో మోటుగా చెప్తా. ఫోన్ ఎత్తని మనిషి చనిపోయాడా, స్నానం చేస్తున్నాడా? బయటి నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. వాడి కోసం ఆగితే, నిజంగానే పోయుంటే జీవితాంతం ఆగాలి. ఆగకుండా తేల్చేస్తే, వాడు తడి తలతో బయటికొచ్చి ఇంకో మాట మీద ఉండొచ్చు. వాళ్లు రుజువు చేసింది ఏంటంటే, ఎటైనా తూగే స్థితి ఒకటి ఎప్పుడూ ఉంటుంది, తూకాన్ని ఒక వైపుకి వంచబోయే ఆ ఒక్క మెసేజ్‌ని సరిగ్గా అదే సమయానికి ఆలస్యం చేస్తే మళ్లీ తూగే స్థితికే వస్తాం. పంచాయితీ తేలబోతుందనగా తేల్చాల్సిన పెద్దమనిషి చాయ్‌కని లేచి వెళ్లినట్టు. ప్రతిసారీ.

ఈ రుజువుని నేను ఫైనల్ ఇయర్‌లో చదివి పుస్తకం మూసేశా. ఇది అసాధ్యం అయితే బ్యాంకులు ఎలా నడుస్తున్నాయి? జవాబు ఆ ఏడాదే వచ్చింది. 1983 ఆగస్టులో మాంట్రియల్‌లో జరిగిన సదస్సులో మైకేల్ బెన్-ఓర్ అనే ఆయన నాలుగు పేజీల పేపర్ ఒకటి ఇచ్చాడు. నాలుగే పేజీలు. అందులో ఉన్న మందు పేరు నాణెం.

దీనికి రెండేళ్ల ముందు, 1981లో డానియల్ లేమాన్, మైకేల్ రాబిన్ ఒక దారి వేశారు. వాళ్ల సంగతి అర్థం కావాలంటే మా గౌలిపురా గల్లీలో రెండు స్కూటర్లు ఎదురెదురుగా రావాలి. ఇద్దరూ గల్లీలో ఒకే పక్కకి తిప్పుతారు, ఆగుతారు. ఇద్దరూ రెండో పక్కకి తిప్పుతారు, మళ్లీ ఆగుతారు. ఇద్దరూ "మీరు పోండి అన్నా" అంటారు, ఇద్దరూ కదులుతారు. ఇద్దరూ మంచోళ్లే, ఇద్దరి బుర్రలోనూ ఒకటే నియమం ఉంది, చిక్కు అక్కడే. ఒకే నియమం, ఒకే సమాచారం ఉన్న ఇద్దరు ఎప్పటికీ ఒకేలా కదులుతారు. ఇద్దరూ లోపల చెరొక నాణెం ఎగరేసుకుంటే మాత్రం ఎప్పుడో ఒకసారి తేడా పడుతుంది, దారి దొరుకుతుంది. లేమాన్, రాబిన్ చూపించింది ఇదే. ఆ పేపర్ పేరులో 'స్వేచ్ఛగా ఎంచుకోవడం వల్ల లాభాలు' అని ఉంటుంది. బెన్-ఓర్ తన పేపర్‌కి 'స్వేచ్ఛగా ఎంచుకోవడం వల్ల ఇంకో లాభం' అని పేరు పెట్టాడు. పరిశోధకులకి కూడా సీక్వెల్ పిచ్చి ఉంటుంది.

బెన్-ఓర్ పద్ధతి చెప్తా, కాస్త ఓపిక పట్టండి, ఇదే ఈ ఎపిసోడ్‌కి గుండెకాయ. ఐదు యంత్రాలు. రెండు ఆగిపోవచ్చు. తేల్చాల్సింది రేపా, ఎల్లుండా అని. ప్రతి రౌండ్లో మొదట అందరూ తమ మాట అందరికీ చెప్తారు. నేను ముగ్గురి మాట వినేదాకా ఆగుతా, అంతకంటే ఆగలేను, మిగతా ఇద్దరూ పోయి ఉండొచ్చు. ఆ ముగ్గురూ 'రేపు' అంటే నేను "రేపు అని ప్రతిపాదిస్తున్నా" అంటా. కలగాపులగంగా ఉంటే "నాకు తేలలేదు" అంటా. ఐదుగురిలో ముగ్గురు అంటే సగానికి పైనే కాబట్టి ఒకే రౌండ్లో ఒకడు 'రేపు', ఇంకొకడు 'ఎల్లుండి' అని ప్రతిపాదించే అవకాశమే లేదు. తర్వాత రెండో విడత. మళ్లీ ముగ్గురి దగ్గర వింటా. ముగ్గురూ 'రేపు' అని ప్రతిపాదిస్తే, తేలిపోయింది, రేపే. కనీసం ఒక్కడు ప్రతిపాదించినా, వాడి మాట నా మాటగా తీసుకుని తర్వాతి రౌండ్‌కి వెళ్తా. ఎవరూ ఏమీ ప్రతిపాదించకపోతేనే నాణెం ఎగరేస్తా. బొమ్మ పడితే రేపు, బొరుసు పడితే ఎల్లుండి. ఆ మాటతో మళ్లీ మొదటికి.

చూశారా, నాణేనికి ఎంత తక్కువ అధికారం ఇచ్చాడో? అందరూ మొదట్లోనే 'రేపు' అనుకుని ఉంటే నాణెం జేబులోంచి బయటికే రాదు. మన సర్పంచ్ ఎన్నికల్లో ఓట్లు సమానంగా వస్తే లాటరీ తీస్తారు కదా, అలా. ఒక్క ఓటు తేడా ఉన్నా చీటీల డబ్బా తెరవరు. ఒకడు 'రేపు' అని తేల్చుకున్నాక ఇంకొకడు 'ఎల్లుండి' అని తేల్చుకోవడం ఈ పద్ధతిలో ఎంత చెడ్డ అదృష్టం ఉన్నా జరగదు. తేల్చడానికి ముగ్గురి ప్రతిపాదన కావాలి, మిగతావాళ్లు ఏ ముగ్గురిని అడిగినా వాళ్లలో ఒకడైనా ఆ ముగ్గురిలోవాడే అయి ఉంటాడు. అదృష్టం మీద వదిలేసింది ఎన్ని రౌండ్లు పడుతుందన్న ఒక్క విషయమే. తప్పు మాట రాదు, ఆలస్యం మాత్రం కావొచ్చు. ఎఫ్ఎల్‌పీ అసాధ్యమన్న దాంట్లో 'తప్పకుండా' అన్న ఒక్క ముక్కని వదులుకుని, దాని చోట 'నూటికి నూరు పాళ్ల సంభావ్యతతో' అని పెట్టుకున్నాడు. రెండిటికీ తేడా ఏంటి అంటారా? నాణెం వెయ్యిసార్లు వరసగా బొరుసే పడటం అసాధ్యం కాదు. కానీ మీ జీవితంలో మీరు చూడరు.

ఇంతకుముందు ఆ మెసేజ్‌ని ఆలస్యం చేసే దుర్మార్గుడు గెలిచింది ఎందుకంటే, ఎవడు ఎప్పుడు ఏం చేస్తాడో వాడికి ముందే తెలుసు. అన్నీ రాసిపెట్టిన నియమాలే కదా. నాణెం ఎటు పడుతుందో వాడికీ తెలీదు. వాడు ఎన్ని మెసేజ్‌లు ఆపినా, అది ఏదో ఒకసారి వాడికి ఎదురు తిరుగుతుంది.

కాకపోతే బెన్-ఓర్ దాంట్లో లోటు ఒకటుంది. ఎవడి నాణెం వాడిదే. ఐదు నాణేలూ ఒకే వైపు పడే అవకాశం 16 సార్లకు ఒకసారి, పర్లేదు. యాభై యంత్రాలైతే? ఐదున్నర కోట్ల కోట్ల సార్లకు పైగా ఎగరేస్తే ఒకసారి. అప్పటికి పండగే కాదు, సూర్యుడు కూడా మిగలడేమో!

ఇక్కడ మా నానమ్మ చిట్టీ చెప్పాలి. మా వాడకట్టులో నానమ్మ ఒక చిన్న చిట్టీ నడిపేది. పాట చిట్టీ కాదు, చీటీ తీసే చిట్టీ. ఇరవై మంది. నెలకో ఆదివారం అందరూ మా ఇంటి వరండాలో కూర్చునేవాళ్లు. ఇత్తడి చెంబులో పేర్లు రాసిన చీటీలు వేసి, పైన గుడ్డ కప్పి ఊపి, నన్ను పిలిచేది. నాకు ఆరేళ్లు. చెయ్యి పెట్టి ఒకటి తీసేవాణ్ని. ఒకసారి వరసగా రెండు నెలలు ఒకే ఇంటివాళ్లకి, ముందు కోడలికి, తర్వాత అత్తకి వచ్చింది. అంతే, ఒకావిడ అందుకుంది: ఆ చీటీ లావుగా మడిచారు, పిల్లోడి చేతికి అదే తగులుతుంది అని. పెద్ద గొడవ. నానమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత పద్ధతి మారింది. ఒకే నోట్‌బుక్ కాగితం, ఒకే కొలత, మడిచేది ఒకరు, చెంబు ఊపేది ఇంకొకరు, తీసిన చీటీ అందరి చేతుల మీదుగా తిరగాలి, చెంబులో మిగిలిన చీటీలు కూడా విప్పి చూపించాలి.

ఫలితం ముందుగా ఎవరికీ తెలియకూడదు. ఎవరూ దాన్ని వంచలేకపోవాలి. బయటపడ్డాక అందరికీ అదే కనిపించాలి. నెట్‌వర్క్ వాళ్లు 'ఉమ్మడి నాణెం' అని వెతికింది అచ్చంగా ఇదే. 1983లోనే రాబిన్ దీన్ని ప్రతిపాదించాడు. నమ్మకమైన పెద్దమనిషి ఒకడు ముందుగానే కొన్ని నాణేలు ఎగరేసి, ఒక్కో ఫలితాన్ని ముక్కలు చేసి యంత్రాలకి పంచిపెడతాడు. 1979లో ఆది షమీర్ కనిపెట్టిన రహస్యం పంచే పద్ధతితో. ఒక్కడి దగ్గరున్న ముక్కతో ఏమీ తెలియదు, కావలసినన్ని ముక్కలు కలిస్తేనే బొమ్మో బొరుసో బయటపడుతుంది. అందరికీ ఒకే నాణెం కాబట్టి ప్రతి రౌండ్లో తేలే దారిలో పడే అవకాశం కనీసం సగం. ఐదు యంత్రాలైనా యాభై అయినా అంతే. పది రౌండ్లయినా దారిలో పడకపోయే అవకాశం వెయ్యికి ఒకటి కంటే తక్కువ, ఇరవై రౌండ్లయితే పది లక్షలకి ఒకటి కంటే తక్కువ. కోట్ల కోట్ల నుంచి ఎక్కడికి దిగామో చూడండి!

మరి ఆ పెద్దమనిషి ఎవరు? ఊర్లో అంత నమ్మకమైనవాడు ఉంటే ఈ గొడవంతా ఎందుకు, వాణ్నే అడిగితే పోయేది కదా. ఆ పెద్దమనిషి లేకుండా, యంత్రాలే తమలో తాము నాణెం తయారుచేసుకుంటూ, మూడో వంతుకి లోపు మోసగాళ్లున్నా తట్టుకునే దారిని 1993లో రాన్ కానెట్టి, టాల్ రాబిన్ చూపించారు. టాల్ రాబిన్ ఎవరో కాదు, మైకేల్ రాబిన్ కూతురే. తండ్రి పెట్టిన పెద్దమనిషిని పదేళ్లకి కూతురు పదవిలోంచి దించేసింది. నా వరకు ఈ చరిత్ర మొత్తంలో ఇంతకంటే మంచి సీన్ లేదు. ఒక చిన్న మెలిక: వాళ్ల పద్ధతిలో అతి కొద్దిపాటి అవకాశంతో అసలు తేలకుండా పోవచ్చు. ఆ అవకాశాన్ని ఎంత కావాలంటే అంత తగ్గించుకోవచ్చు, సున్నా మాత్రం కాదు.

అయితే దానికి మెసేజ్‌ల మోత భయంకరం. కాగితం మీద అందంగా ఉంటుంది, నెట్‌వర్క్ మీద పెడితే చతికిలబడుతుంది. ఈ భారాన్ని తగ్గించే పనిలో మన పక్కనే మద్రాసు ఐఐటీ నుంచి ముఖ్యమైన అడుగు పడింది. 2009లో అర్పితా పాత్రా, ఆశిష్ చౌధురి, సి. పాండురంగన్ ఇదే సమస్యకి, మూడో వంతు హద్దుని వదలకుండానే, బాగా తేలికైన పద్ధతి ఇచ్చారు. అదే ఏడాది జనవరిలో డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ మీద ఐసీడీసీఎన్ అనే అంతర్జాతీయ సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది. మూసీకి ఇవతల నేను బడికి పోతున్న రోజుల్లో, అవతల ఇన్ని చర్చలు జరిగాయన్నమాట.

పరిశ్రమ మాత్రం నాణేన్ని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. పాక్సోస్ లాంటి పద్ధతుల్ని పట్టుకుంది. వాటిలో కిటుకు టైమవుట్. ఇంతసేపటికి జవాబు రాకపోతే నాయకుడు పోయాడనుకుని కొత్త నాయకుణ్ని ఎన్నుకో. నెట్‌వర్క్ బాగున్నంతకాలం ఇది హాయిగా నడుస్తుంది, అందుకే మీరు రోజూ వాడే చాలా సేవల కింద ఇలాంటిదే ఉంటుంది. 2016లో హనీబ్యాడ్జర్ అనే పద్ధతి తెచ్చినవాళ్లు దీని బలహీనతని బయటపెట్టారు. మెసేజ్‌లని తెలివిగా ఆలస్యం చేసే దుర్మార్గుణ్ని పెడితే, 1999 నాటి ప్రసిద్ధ పద్ధతి పీబీఎఫ్‌టీ అడుగు ముందుకు పడకుండా ఆగిపోతుందని చూపించారు. 1983లో ఫిషర్ బృందం చెప్పిన ఆ చాయ్ పెద్దమనిషే మళ్లీ! హనీబ్యాడ్జర్ టైమవుట్ లేకుండా, ఉమ్మడి నాణెంతో, వందకు పైగా యంత్రాల మీద నడిచింది. దాని నాణెం వెనుక ఉన్న గూఢలిపి పని 2000లోనే కాషాన్, కుర్సావే, షూప్ చేసిపెట్టారు. ఆ పేపర్ పేరులో కాన్‌స్టాంటినోపుల్ ఉంటుంది. బైజాంటైన్ జోకుని వీళ్లు ఇంకా వదల్లేదు.

మరి బిట్‌కాయిన్ సంగతేంటి అని కామెంట్లలో అడిగేవాళ్లుంటారు, ముందే చెప్తా. అదీ సంభావ్యత మీదే నడుస్తుంది, కానీ అది వేరే జాతి. బెన్-ఓర్ అదృష్టానికి వదిలింది సమయాన్ని. 2008లో వచ్చిన బిట్‌కాయిన్ పేపర్ ఫలితాన్నే వదిలింది. మీ లావాదేవీ మీద ఆరు బ్లాకులు పేరుకున్నాక, పదో వంతు కంప్యూటింగ్ బలం ఉన్న దొంగ దాన్ని తిరగరాసే అవకాశం 0.0002428 అని ఆ పేపర్లోనే లెక్క ఉంది. చాలా తక్కువే, కానీ అది తప్పు మాట వచ్చే అవకాశం, ఆలస్యం అయ్యే అవకాశం కాదు. 'బ్లాక్‌చెయిన్' అన్న ఒక్క పదం కింద రెండిటినీ కలిపి మాట్లాడేవాళ్లని చూస్తే నాకు చిరాకు. మన తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ చిట్‌ఫండ్ల కోసం టీ-చిట్స్ తెచ్చినప్పుడు కూడా నేను మొదట అడిగింది అదే: ఇందులో అదృష్టానికి వదిలింది దేన్ని? మా నానమ్మ అయినా అదే అడిగేది, ఇంకాస్త గట్టిగా.

సరే, ఆ రాత్రి. అప్పుడు నేను చేస్తున్న కంపెనీ పేరు చెప్పను. ఐదు యంత్రాల క్లస్టర్, రాఫ్ట్ అనే పద్ధతి మీద నడుస్తుంది. 2014లో వచ్చింది, చదవడానికి తేలికైన పాక్సోస్ తమ్ముడనుకోండి. రాత్రి రెండున్నరకి కరెంటు పోయి వచ్చాక ఐదూ ఒకేసారి లేచాయి. నాయకుడు లేడు. టైమవుట్ అయింది. ఐదూ ఒకే క్షణంలో "నాకు ఓటెయ్యండి" అన్నాయి, ఎవడి ఓటు వాడు వేసుకున్నాడు. మెజారిటీ లేదు. మళ్లీ అంతే టైమవుట్, మళ్లీ అదే క్షణం, మళ్లీ అదే. నలభై నిమిషాలు. పాతబస్తీలో 30 రోజుల గడువు అందరికీ ఒకేసారి ముగియడమే వరం, ఇక్కడ గడువు అందరికీ ఒకేసారి ముగియడమే శాపం. నేను స్క్రీన్ ముందు కూర్చుని మా గల్లీలో స్కూటర్లని చూస్తున్నా.

రాఫ్ట్ రాసినవాళ్లు ఇది ముందే ఊహించారు. ఒక్కో యంత్రం టైమవుట్‌ని 150 నుంచి 300 మిల్లీసెకన్ల మధ్య ర్యాండమ్‌గా ఎంచుకోవాలని పేపర్లోనే ఉదాహరణ ఇచ్చారు. అదొక రకం నాణెమే. మా దగ్గర ఎవరో, బిహేవియర్ ఎప్పుడూ ఒకేలా ఉండాలని, ఐదింటికీ ఒకటే అంకె పెట్టారు. నేను దాన్ని తీసేసి ర్యాండమ్ రేంజ్ పెట్టా. మొదటి ప్రయత్నంలోనే నాయకుడు వచ్చాడు.

పొద్దున మీటింగ్‌లో మా సీనియర్ అడిగాడు, "డబ్బులు కదిలే సిస్టమ్‌లో ర్యాండమ్ ఏంటి తమ్మీ? మళ్లీ ఓట్లు చీలవని గ్యారంటీ ఇస్తావా?" ఇవ్వలేనన్నా. ఒకసారి చీలినా వెంటనే మళ్లీ ఎన్నిక జరుగుతుందని, వరసగా పదిసార్లు చీలే అవకాశం ఎంతో బోర్డు మీద లెక్క వేసి చూపించా. తప్పు నాయకుడు రాడు, ఆలస్యమే అవుతుందని కూడా చెప్పా. ఆయన చాలాసేపు బోర్డు వైపు చూసి, సరే ఉంచు అన్నాడు. క్లయింట్‌కి పంపే రిపోర్టులో మాత్రం నేను రాసిన 'ర్యాండమ్' అన్న పదం కొట్టేసి 'జిట్టర్' అని రాశాడు. ఆ సెట్టింగ్ నేను ఉద్యోగం మానేసేనాటికి కూడా అలాగే ఉంది.